కృపకు మనమిచ్చే జవాబు



ఈసారి మిమ్మల్ని ఒక మాట సూటిగా అడగాలనుకుంటున్నాము. ప్రభువు బల్లలో పాలుపొందేటప్పుడు మన కోసం చిందిన రక్తాన్ని మనమందరం జ్ఞాపకం చేసుకుంటాము. అదే వారంలో, ఆసుపత్రిలో ఉన్న ఒక బాలింతకు రక్తం కావాలని కబురు వస్తే మనలో ఎంతమంది లేచి వెళ్తున్నాము?

మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసిన వారెవరికీ ఈ దృశ్యం కొత్త కాదు. కాన్పు అయింది, బిడ్డ క్షేమం. తల్లికి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు. డాక్టరమ్మగారు బయటకు వచ్చి, రెండు యూనిట్ల రక్తం వెంటనే కావాలని చెబుతారు. వరండాలో పదిమంది చుట్టాలు ఉంటారు. "మావాడు ఒక్కడే సంపాదించేవాడండి, రక్తం తీసేస్తే రేపు పనిలోకి ఎలా వెళ్తాడండి?" అంటారు అత్తగారు. "నాకు సూదంటే భయమండి" అంటాడు మరిది. "ఎంతైనా పర్లేదండి, కొనేద్దాం" అంటారు మామగారు. చివరికి ఆ పిల్ల కన్నతల్లి ముందుకు వస్తుంది. తీరా పరీక్ష చేస్తే ఆమెకే రక్తం తక్కువగా ఉంటుంది.

ఎవరినీ నిందించాలని మేము ఇది రాయడం లేదు. ఆ వరండాలో నిలబడిన వారిలో క్రైస్తవులు ఉన్నారు, కానివారూ ఉన్నారు. భయం అందరిదీ ఒకటే. అయితే క్రీస్తు కృపను పొందామని చెప్పుకొనే మనకు ఆ భయాన్ని దాటడానికి ఇంకొక కారణం ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

కృప ముందు, త్యాగం తరువాత

మొదట ఒక సంగతి స్పష్టంగా చెప్పుకుందాం. మనం చేసే త్యాగం వల్ల దేవుని కృప మనకు రాదు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు ఈ విషయంలో ఎవరికీ అనుమానం లేకుండా రాశాడు. రక్షణ కూలి కాదు, బహుమానం. రక్తం ఇచ్చినా, ఆస్తి ఇచ్చినా, ఎన్ని రాత్రులు రోగి మంచం దగ్గర మేల్కొన్నా, వాటితో మనం దేవుని దగ్గర ఏదీ కొనలేము.

మరి ఎందుకు ఇవ్వాలి? అదే అధ్యాయం కొంచెం ముందుకు చదివితే, మంచి పనులు చేయడానికే మనం సృష్టింపబడ్డామని ఉంటుంది. యోహాను తన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో దీన్ని ఇంకా దగ్గరగా తెచ్చాడు. క్రీస్తు మన కోసం ప్రాణం పెట్టాడు గనుక మనమూ సహోదరుల కోసం ప్రాణం పెట్టవలసినవారమని చెప్పి, వెంటనే మామూలు సంగతికి దిగాడు. కళ్ళ ముందు సహోదరుడికి లేమి ఉంటే, చేతిలో ఉన్నది ఇవ్వనివాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని అడిగాడు. ప్రాణం పెట్టే అవసరం మనలో చాలామందికి రాకపోవచ్చు. చేతిలో ఉన్నది ఇచ్చే అవసరం మాత్రం దాదాపు ప్రతి వారం వస్తుంది.

అప్పు తీర్చేవాడు లెక్క చూసుకుంటూ ఇస్తాడు. అప్పు మాఫీ అయినవాడు సంతోషంతో ఇస్తాడు. కృపను ఎరిగినవారి త్యాగం ఈ రెండవ రకానిది.

మన గోదావరి ఒడ్డున

ఇలాంటి త్యాగాన్ని చూడడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. మన గోదావరి సీమలో సంఘాలు, ఆసుపత్రులు అలాంటి జీవితాల మీదే నిలిచాయి.

రాజమండ్రిలో 1845లో ఉత్తర జర్మనీ మిషనరీలు పని ఆరంభించారు. కొన్ని సంవత్సరాలకు అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం వల్ల డబ్బు తగ్గింది, మనుషులు తగ్గారు. 1866లో సామర్లకోటలో పనిచేస్తున్న ఆడమ్ లాంగ్ అనే మిషనరీ మశూచితో చనిపోయారు. ఆయన పిల్లలు ఇద్దరు కూడా ఆ జబ్బుకే బలి అయ్యారు. ఈనాటి పిల్లలకు మశూచి అంటే ఏమిటో తెలియదు, 1980లో అది ప్రపంచమంతటా అంతరించిందని ప్రకటించారు. ఆ రోజుల్లో మాత్రం ఊరికి ఊరే దాని పేరు చెబితే వణికేది.

ఆ పరిస్థితుల్లో రాజమండ్రి పనిని వేరొక మిషన్‌కు అప్పగించేద్దామని అమెరికాలో ఆలోచన జరిగింది. 1869లో పెన్సిల్వేనియాలో సంఘ పెద్దలు కూడినప్పుడు ఒక ముసలాయన లేచి దానికి ఒప్పుకోలేదు. మనిషి దొరకకపోతే తానే వెళ్తానన్నారు. ఆయనే మన పెద్దలు ఫాదర్ హెయ్యర్ అని పిలుచుకున్న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయ్యర్. అప్పటికి ఆయనకు 76వ ఏడు నడుస్తోంది.

ఆయనకు ఈ దేశం కొత్త కాదు. 1842 జూలై 31న గుంటూరు చేరినది ఆయనే. కొన్నాళ్ళ తరువాత తిరిగి అమెరికా వెళ్ళినప్పుడు, యాభై ఏళ్ళు దాటిన వయసులో వైద్యవిద్య చదివి 1847లో డాక్టరు పట్టా తీసుకున్నారు. జనం వాక్యం వినడానికి ఎంత వస్తారో, జ్వరానికి మందు కోసం అంతకన్నా ఎక్కువ వస్తారని ఇక్కడ పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి పల్నాడులో కూడా సేవ చేశారు. 1857లో స్వదేశం వెళ్ళారు. ఇక విశ్రాంతి తీసుకున్నా ఎవరూ తప్పుపట్టే వయసు కాదు. అయినా 1869 చివరిలో ఆయన రాజమండ్రిలో దిగారు. కొత్తవారు వచ్చి పని అందుకునేదాకా నిలబెట్టి, 1871లో తిరిగి వెళ్ళారు. 1873లో ప్రభువు సన్నిధికి చేరారు.

పై దేశాలవారే త్యాగం చేశారని అనుకోవద్దు. కాకినాడలో థామస్ గాబ్రియేలు అనే తెలుగు విశ్వాసి తంతి శాఖలో ఉద్యోగం చేసేవారు. ఆ రోజుల్లో తంతి శాఖ ఉద్యోగమంటే గౌరవం, నెల జీతం. దాన్ని వదులుకొని, తన సొంత ఖర్చుతో, అప్పులు చేసి మరీ సువార్త పని నడిపారు. 1874లో కెనడా బాప్తిస్టు మిషన్ వారు కాకినాడ వచ్చి పనిని అందుకున్నారు. కొద్ది కాలానికే గాబ్రియేలుగారు కన్నుమూశారు. కాకినాడ, పిఠాపురం, రామచంద్రపురం ప్రాంతాల్లో తరువాత నిలిచిన బళ్ళకు, వైద్యశాలలకు, సంఘాలకు పునాది తవ్వినవారిలో మన మనిషి ఒకరున్నారని పిల్లలకు చెప్పండి.

ఆడవారి సంగతి కూడా చెప్పుకోవాలి. ఘోషాలో ఉండే స్త్రీలు ప్రాణం పోతున్నా మగ డాక్టరుకు చూపించుకునేవారు కాదు. అలాంటి కాలంలో 1895లో డాక్టర్ లిడియా వర్నర్ రాజమండ్రి వచ్చారు. స్త్రీలకు, పిల్లలకు వైద్యం ఆరంభించారు. ఆ పని పెరిగి ఆసుపత్రి అయింది. రామచంద్రపురంలో ఇసబెల్ హాచ్ అనే కెనడా మిషనరీ కుష్ఠు రోగులకు ఆశ్రమం కట్టించారు. ఇంటివారే ఊరి బయట వదిలేసిన మనుషుల పుండ్లు కడిగే చోటు అది. అప్పట్లో ఆ జబ్బుకు సరైన మందు లేదు. అంటుకుంటుందేమోనన్న భయం ఆమె చుట్టూ ఉన్నవారికీ ఉండే ఉంటుంది.

ఈ పేర్లన్నీ పుస్తకాలకు ఎక్కినవి. వీరితోపాటు పనిచేసిన మన తెలుగు కాంపౌండర్లు, బైబిలు స్త్రీలు, మంత్రసానులు, ఆయాలు, వంటవారు చాలామంది పేర్లు ఎక్కడా లేవు. రాత్రి రెండు గంటలకు లాంతరు పట్టుకొని కాలవ గట్టు మీద నడిచి వెళ్ళినవారు వారే. మనలో కొందరి ఇళ్ళలో వారు అమ్మమ్మలు, తాతయ్యలు.

మన దగ్గర అడిగేది 350 మిల్లీలీటర్లు

వారితో పోలిస్తే ఈ రోజు మనల్ని అడిగేది చాలా తక్కువ. పెద్ద మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. ఒకసారి తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు బాగా ఉన్నవారికి 450. సూది గుచ్చిన తరువాత పట్టే సమయం పది నిమిషాలు. రక్తంలోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్ర కణాలు కొన్ని వారాల్లో మళ్ళీ తయారవుతాయి. ఆ రోజు ఎక్కువ నీళ్ళు తాగి, బరువు పనులు మానుకుంటే చాలు. మర్నాడు మామూలుగా పనిలోకి వెళ్ళవచ్చు.

రక్తం ఇవ్వడానికి ఉండవలసిన అర్హతలు ఇవి:

వయసు 18 నుండి 65 సంవత్సరాల మధ్య ఉండాలి. మొదటిసారి ఇచ్చేవారికి 60 దాటకూడదు.
బరువు కనీసం 45 కిలోలు ఉండాలి.
హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు.
మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు.
గర్భిణులు, పాలిచ్చే తల్లులు, జ్వరంతో ఉన్నవారు ఇవ్వకూడదు. బీపీ, షుగరు ఉన్నవారు, ఏవైనా మందులు వాడుతున్నవారు ముందుగా డాక్టరుకు చెప్పాలి. ఉన్న జబ్బును దాచి ఇవ్వడం త్యాగం కాదు, రోగికి అపాయం.

తీసిన ప్రతి సంచి రక్తాన్ని హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా కోసం పరీక్షిస్తారు. ఇచ్చేవారికి ఒకసారి వాడి పారేసే కొత్త సూదే వాడతారు కాబట్టి వారికి ఏ జబ్బూ అంటుకోదు.

"కొనేద్దాం" అనే మాట గురించి కూడా చెప్పాలి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మేరకు, డబ్బు తీసుకొని రక్తం అమ్మే పద్ధతిని 1998 జనవరి 1 నుండి మన దేశంలో నిషేధించారు. బ్లడ్ బ్యాంకులో మనం కట్టేది పరీక్షలకు, నిల్వకు అయ్యే ఖర్చు మాత్రమే. రక్తానికి ధర లేదు. ఎవరో ఒకరు ఉచితంగా ఇస్తేనే అది ఉంటుంది. ఫ్యాక్టరీలో తయారు చేసే మార్గం ఇంతవరకు లేదు. ఎర్ర కణాలను 35 నుండి 42 రోజులు, ప్లేట్‌లెట్లను అయిదు రోజులు మాత్రమే నిల్వ ఉంచగలరు. కాబట్టి ఏడాదికొకసారి పెద్ద శిబిరం పెట్టి ఊరుకుంటే చాలదు. ఏడాది పొడవునా కొద్దిమంది చొప్పున ఇస్తూ ఉండాలి.

ఇంకొక సంగతి. మీరు ఇచ్చిన రక్తం మీ రోగికే ఎక్కుతుందని లేదు. గ్రూపు కలవకపోవచ్చు. పైగా భర్త రక్తాన్ని పిల్లలు కనే వయసులో ఉన్న భార్యకు నేరుగా ఎక్కించకపోవడమే మంచిది, ముందు కాన్పుల్లో ఇబ్బంది రావచ్చు. మీది బ్యాంకులోకి వెళ్తుంది, ఎవరో ముఖం తెలియని వారికి ఎక్కుతుంది. ఎవరో ముఖం తెలియనివారు ఇచ్చినది మీవారికి ఎక్కుతుంది. మంచి సమరయుడి కథలో దారిలో పడి ఉన్నవాడి కులం, ఊరు సమరయుడు అడగలేదు. రక్తం సంచి మీద కూడా గ్రూపు ఉంటుంది గాని కులం ఉండదు.

త్యాగం ఎవరి వంతు?

ఇక్కడ కొంచెం కష్టమైన మాట చెప్పక తప్పదు. మన ఇళ్ళలో త్యాగం అనగానే అది ఇల్లాలి వంతు అనుకుంటాము. అందరూ తిన్నాక మిగిలింది తినేది ఆమె. కోడిగుడ్డు, చేప ముక్క మగపిల్లలకు పెట్టి, తను చారు నీళ్ళతో సరిపెట్టుకునేది ఆమె. దాన్ని మనం పొగుడుతాము కూడా. కానీ దాని ఫలితం ప్రసూతి గదిలో కనిపిస్తుంది. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి తట్టుకునే రక్తస్రావాన్ని 7 ఉన్న తల్లి తట్టుకోలేదు. కాన్పు తరువాత రక్తస్రావం ఆగకపోతే గంటల్లో ప్రాణం పోతుంది.

కాబట్టి రక్తదానం బ్లడ్ బ్యాంకులో మొదలు కాదు, మన వంటింట్లో మొదలవుతుంది. గర్భిణికి ముందు వడ్డించండి. తోటకూర, మునగాకు, పప్పులు, గుడ్డు, చేప, మాంసం వీలైనంత పెట్టండి. భోజనంతో నిమ్మరసమో జామకాయో ఉంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలు కనీసం 180 రోజులు వాడాలి. కాన్పు తరువాత మరో 180 రోజులు కొనసాగించాలి. మాత్ర వేసుకున్న గంట రెండు గంటల వరకు టీ, కాఫీ వద్దు. మాత్రల వల్ల విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడి మానేయవద్దు.

క్రీస్తు సంఘాన్ని ప్రేమించి తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్తలు భార్యలను ప్రేమించాలని ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయం చెబుతుంది. ఆ మాట ముందు భర్తలకు చెప్పినదని మనం గుర్తుంచుకోవాలి. కంచం ముందు కూర్చునే వరసలో, బ్లడ్ బ్యాంకు మంచం మీద, రోగి దగ్గర రాత్రి కాపలాలో మగవారు ముందుండాలి.

మన వంతుగా చేయదగినవి

రక్తం ఇవ్వలేనివారు చాలామంది ఉంటారు. వారికీ పని ఉంది.

క్షయ రోగికి తోడుగా ఉండండి. మందులు ఉచితం, మామూలు క్షయకు ఆరు నెలల కోర్సు. రెండు నెలలకు దగ్గు తగ్గగానే చాలామంది మానేస్తారు, అప్పుడు జబ్బు మొండిదవుతుంది. రోజూ ఒకసారి వెళ్ళి "మందు వేసుకున్నావా బాబూ?" అని అడిగే మనిషి ఉంటే ఎందరో నిలబడతారు. 2022 నుండి ప్రభుత్వం నడుపుతున్న నిక్షయ్ మిత్ర పథకంలో సంఘాలు కూడా చేరి రోగులకు పౌష్టికాహారం ఇవ్వవచ్చు.

కుష్ఠు మచ్చ ఉన్నవారిని దాచకుండా ఆసుపత్రికి తీసుకురండి. స్పర్శ లేని, పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉంటే చూపించాలి. ఆరు నెలల నుండి ఏడాది మందుతో నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటే గుణం పోతుంది. ఇసబెల్ హాచ్ చేతిలో లేని మందు ఇప్పుడు మన ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఉంది. మిగిలింది మన భయం మాత్రమే.

నేత్రదానానికి ఇంటివారితో ముందుగా మాట్లాడుకోండి. చనిపోయిన ఆరు గంటల లోపు కళ్ళు ఇవ్వాలి. కంటిశుక్లం ఆపరేషన్ అయినవారు, కళ్ళద్దాలు ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. ఒకరి కళ్ళతో ఇద్దరికి చూపు వస్తుంది. పునరుత్థానంలో కళ్ళు ఉండవేమోనని కొందరు పెద్దలు అడుగుతారు. మట్టిలో కలిసిన దేహాన్ని లేపగల దేవునికి ఇది కష్టమా అని మా జవాబు.

ప్రతి సంఘంలో ఒక పుస్తకం తెరవమని కాపరులను, యువజన నాయకులను మా మనవి. అందులో పేరు, రక్తం గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాయండి. నెలకు నలుగురైదుగురు వంతుల వారీగా బ్లడ్ బ్యాంకుకు వెళ్ళేలా చూడండి. రాత్రివేళ ఫోను వస్తే ఎవరిని లేపాలో ముందే తెలిసి ఉంటుంది. పుట్టినరోజుకు, పెళ్ళిరోజుకు కృతజ్ఞత కానుక ఇచ్చే అలవాటు మనకు ఉంది. ఆ రోజున ఒక యూనిట్ రక్తం కూడా అలాంటి కానుకే.

ముగింపుగా, ఆ వరండాలోకి మళ్ళీ వెళ్దాం. అత్తగారి భయం అబద్ధం కాదు. రోజుకూలి మీద బ్రతికే ఇంట్లో సంపాదించేవాడి ఒంటి మీద భయం ఉంటుంది. ఆమెకు ధైర్యం చెప్పడానికి ఉపన్యాసం చాలదు. పక్కన నిలబడి, "నేను పోయిన నెలలో ఇచ్చానండి, మర్నాడే పొలం వెళ్ళాను, చూడండి బాగానే ఉన్నాను" అని చెప్పే సంఘస్థుడు ఒకరు కావాలి. "మీవాడు రాకపోయినా నేను ఇస్తానండి" అనేవారు ఇంకొకరు కావాలి. అది చూసి ఆ కొడుకే చొక్కా చెయ్యి మడిచే రోజు వస్తుంది.

76వ ఏట ఓడ ఎక్కిన ముసలాయనను, ఉద్యోగం వదులుకున్న తంతి శాఖ మనిషిని, లాంతరు పట్టుకొని నడిచిన పేరు తెలియని మంత్రసానిని నడిపించినది ఒకే కృప. అది మనకూ అందింది. ఉచితంగా అందినదాన్ని మన దగ్గరే ఆపుకోకుండా పొరుగువారి దాకా చేర్చే మనసు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.